అక్క దిబ్బ మానేసిన ఏడాది

మా ఆయన పాదాలు పెద్దవి కావడం వల్ల నాకు స్కీయింగ్ వచ్చింది. ఈ మాట మా చుట్టాల్లో ఎవరికి చెప్పినా నమ్మరు. ఖతార్‌లో మంచెక్కడిది అని ఒకరంటారు. కోనసీమలో పుట్టి కాలవ గట్టు తప్ప ఎత్తన్నదే ఎరగనిదానికి ఈ వేషాలేమిటని ఇంకొకరంటారు. రెండూ సబబైన ప్రశ్నలే. మొదటిదానికి మాత్రం నా దగ్గర జవాబుంది.

మెసయీద్‌లో మేముండే కంపెనీ క్వార్టర్స్‌లో మా ఎదురింట్లో ఒక యూరప్ ఇంజనీరు, ఆయన భార్య ఉండేవారు. ఉద్యోగం అయిపోయి దేశం వెళ్ళిపోతూ సామానంతా మెట్ల కింద పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోండన్నారు. మైక్రోవేవ్ గంటలో మాయమైంది. కుర్చీలు సాయంత్రం దాకా కూడా ఆగలేదు. చివరికి మిగిలినవి ఆవిడగారి స్కీలు, రెండు జతలు, వాటి బూట్లు. మంచు మీద అరిగిపోయి ఇంక పనికిరావని తేలాక, ఇక్కడి ఇసుక దిబ్బల మీద జారడానికి తెచ్చుకున్నారట. ఊరికే వచ్చినదాన్ని వదిలిపెట్టడం మా ఆయన జాతకంలో లేదు. రెండు జతలూ భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. బూటులో ఆయన కాలు మడమ దాకా కూడా దూరలేదు. నేను రెండు మేజోళ్ళు తొడిగి పెడితే నాకు సరిపోయింది. పై అంతస్తులో ఉండే అక్కకైతే మేజోళ్ళ అవసరం కూడా లేకపోయింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. కంపెనీ క్లినిక్‌లో నర్సు. గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే ఒంటరిగా ఉద్యోగం చేస్తోంది. భర్త ఊళ్ళోనే ఉండి పొలం చూసుకుంటాడు. అందరూ ఆమెని సిస్టర్ అంటారు. నాకు మొదటి రోజునుంచీ అక్కే. నన్ను ఏమే అని పిలిచే మనిషి ఈ దేశంలో ఆమె ఒక్కతే కాబట్టి, ఆ మాటకోసమైనా నేను రోజుకోసారి మెట్లెక్కేదాన్ని. యాభై దాటినా నిటారుగా నడిచేది. సూది వేస్తే నొప్పి తెలియదని క్లినిక్‌లో పేరు. అలాంటి మనిషి తొలిసారి దిబ్బ మీద నుంచి బొక్కబోర్లా పడి, నోట్లో ఇసుక ఉమ్మేసి, ఇంకోసారి ఎక్కుదాం పదమంది. అప్పుడే మా జోడీ కుదిరింది.

సముద్రం వైపు రోడ్డు అయిపోయాక దిబ్బలు మొదలవుతాయి. వాటిలో ఒకటి మాది. కాగితాల ప్రకారం కాదు, ఎక్కువసార్లు పడ్డ హక్కుతో. ఒకవైపు వాలు మెల్లగా ఉంటుంది, దాని మీద నుంచి ఎక్కాలి. రెండోవైపు ఒక్కసారిగా దిగిపోతుంది. స్కీలు భుజాన వేసుకుని ఎక్కుతుంటే రెండడుగులు పైకి, ఒకడుగు కిందికి. పైకి చేరేసరికి పెళ్ళిపనులు చేసినంత అలసట వస్తుంది. కింద మా ఆయన బొగ్గులు రాజేసి చికెన్ కాలుస్తూ, మేము పడ్డప్పుడల్లా ఫోటో తీసేవాడు. నిలబడ్డప్పటి ఫోటో ఒక్కటీ ఉండేది కాదు. ఆయన్నడిగితే, నిలబడితే కదా తియ్యడానికి అనేవాడు. స్కీల అడుగున ఇసుక అంటుకోకుండా కొవ్వొత్తి రుద్దాలి. అందుకు క్రిస్మస్ ఆరాధనలో సగం కాలి మిగిలిన కొవ్వొత్తులన్నీ అక్క ఒక బిస్కెట్ డబ్బాలో దాచేది. పాస్టరుగారు ఆ డబ్బా చూసి ఆమె భక్తిని మెచ్చుకున్నారట. అక్క దిద్దలేదు.

ఇసుక రోజూ ఒకేలా ఉండదని నాకు అక్కడే తెలిసింది. ఉత్తరం గాలి కొడితే దిబ్బ కొనలోని ఇసుకంతా ఎగిరి నిటారు వైపు పడుతుంది. అప్పుడు అది మెత్తగా, లోతుగా తయారై స్కీలు పిక్కల దాకా దిగబడతాయి. సముద్రం మీద నుంచి తేమ గాలి వస్తే పొద్దున్నే పైపొర బిగుసుకుంటుంది. ఎండెక్కితే అంతా మళ్ళీ పిండి పిండి. ఈ కబుర్లన్నీ రోజూ మాకు చేరవేసేవాడు, నేను తమ్ముడని పిలిచే జగిత్యాల కుర్రాడు. అతను నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్. సముద్రం ఒడ్డు క్యాంపులకి నీళ్ళు పోసి తిరిగొస్తూ దిబ్బ పక్కనే వెళ్ళేవాడు. మధ్యాహ్నం పూట బండి ఆపి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపేవాడు. శుక్రవారాలు స్నేహితుడి పికప్ తెచ్చి, టైర్లలో గాలి తగ్గించి, మమ్మల్ని ఇసుకలోకి తీసుకెళ్ళేదీ అతనే. దుబాయ్‌లో కొడుకు డ్యూటీ చేస్తున్నాడో ఇసుకలో ఆడుకుంటున్నాడో తెలియక వాళ్ళమ్మ ఫోన్‌లో కంగారు పడేదట. ఖతార్ అని ఎంత చెప్పినా ఆవిడకి దుబాయే.

నవంబరులో చలిగాలి తిరిగినప్పుడు మొదలయ్యే మా ఆట ఏప్రిల్‌తో ముగిసేది. ఆ తర్వాత దిబ్బ మీద కాలు పెట్టలేం. ఇప్పుడు ఆ దారిన వెళితే అద్దెకి రంగురంగుల బోర్డులిచ్చే గుడారాలు, పిల్లల కేకలు, కాఫీ బండ్లు. అప్పుడు కూడా ఇవి లేవని కాదు, మాకు కనిపించేవి కావు. మాకు శుక్రవారమంటే ఆ దిబ్బ, అందులో అక్క. ఇన్నేళ్ళయినా పొద్దున్నే కొవ్వొత్తి వాసన తగిలితే నాకు చర్చి గుర్తురాదు, ఇసుక గుర్తొస్తుంది.

ఆ ఏడాది అక్కకి ఆఖరిదని జనవరిలోనే తెలిసింది. క్లినిక్‌ని ఇంకో కాంట్రాక్టరుకి ఇచ్చేస్తున్నారు. పాతవాళ్ళకి ఏప్రిల్‌తో సరి. అక్క ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాతో ఒకే ఒక్క మాటంది.

"వెళ్ళేలోపు ఒక్కసారి, పైనుంచి కిందిదాకా పడకుండా దిగాలే. ఒక్కసారి చాలు."

ఇద్దరం ఎన్నో సగాలు దిగాం. ముప్పావులు కూడా దిగాం. అడుగుదాకా నిలబడి చేరింది మాత్రం లేదు. నాకు అది పెద్ద లోటుగా అనిపించేది కాదు. పడటంలో కూడా మంచి సరదా ఉంది. అక్కకి అలా కాదు. ఆమె మొదలుపెట్టిన కట్టు మధ్యలో వదిలే రకం కాదు. అప్పటినుంచి మా శుక్రవారాలకి ఒక పట్టుదల వచ్చింది. జనవరి, ఫిబ్రవరి అంతా అక్క మెరుగవుతూ వచ్చింది. మోకాళ్ళు వంచడం, బరువు వెనక్కి వెయ్యడం పట్టుబడ్డాయి. ఇంకో రెండు మూడు వారాలుంటే చాలనిపించింది.

సరిగ్గా అప్పుడు లెంట్ వచ్చింది. ఈస్టర్‌కి ముందు వచ్చే ఆ నలభై రోజులూ మా వైపు క్రైస్తవులు ఇష్టమైనదేదో ఒకటి మానుకుంటారు. ఎక్కువమంది మానేది మాంసం. నేను ప్రతిసారీ టీ మానేస్తానని మొదలుపెట్టి కాఫీ మీద బతుకుతాను. ఆ ఏడు లెంట్ తొలిరోజు, బూడిద బుధవారం నాడు నుదుటిన బూడిదతో మా ఇంటికొచ్చి అక్క చల్లగా చెప్పింది. తను దిబ్బ మానేస్తోందట.

నాకు తిక్కరేగింది. నాకు కోపమొస్తే గొంతు సన్నబడుతుందని మా ఆయన అంటాడు. ఆ సన్న గొంతుతోనే అడిగాను. మానడానికి చికెన్ లేదా, చేప లేదా, టీవీ లేదా, ఆ ఫోన్ లేదా అని. ఈ వారాలు పోతే మిగిలేది ఎండే కదా, దేవుడు ఇది మానమని నీకు కలలో కనబడి చెప్పాడా అని కూడా అన్నాను. అక్క నిమ్మళంగా విన్నది.

"ఇన్నేళ్ళూ మాంసం మానేశాను. మాంసం నాకు చిన్నప్పటినుంచీ సయించదు. ఆ సంగతి పాస్టరుగారికి తెలియకపోవచ్చు, ఆయనకి తెలియదా?" అని పైకి చూపించింది. "ఈసారన్నా ఇష్టమైంది ఇవ్వాలి కదే."

నా కోపం మాత్రం తగ్గలేదు.

దిబ్బ మానేసింది కానీ దిబ్బ కబుర్లు మానలేదు. రోజూ సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ మా గుమ్మం ముందు ఆగి, చెప్పులు విప్పకుండానే, ఇసుక ఎలా ఉందంట అని అడిగేది. ఇది ఉపవాసం చేస్తూ వంటింట్లో వాసన చూడటం లాంటిదని నేను దెప్పేదాన్ని. అయినా చెప్పేదాన్ని. గాలి ఎటునుంచో, పొద్దున తేమ ఉందో లేదో, కొన ఎటు వాలిందో. అక్క కళ్ళు మూసుకుని వినేది. తర్వాత సరే అని పైకి వెళ్ళిపోయేది. ఆమె తలుపు మూసుకున్న చప్పుడయ్యాక మా ఆయన, మీ ఇద్దరికీ వేరే పనేం లేదా అనేవాడు.

ఆ రోజుల్లోనే నాకొక అద్భుతమైన ఆలోచన వచ్చింది. లెంట్ నలభై రోజుల లెక్కలో ఆదివారాలు కలపరు. ఆదివారం ప్రభువు లేచిన రోజు, ఆ రోజు ఉపవాసం లేదంటారు. అయితే ఈ దేశంలో సెలవు శుక్రవారం. మన తెలుగు ఆరాధన శుక్రవారమే. పాస్టరుగారు కూడా నోరు జారి శుక్రవారాన్ని ఆదివారం అనేస్తుంటారు. అంటే ఇక్కడ మన ఆదివారం శుక్రవారమే. కాబట్టి శుక్రవారం అక్కకి ఉపవాసం లేదు, దిబ్బకి రావచ్చు. వకీలు కావలసినదాన్ని ఆఫీసులో టైపు కొట్టుకుంటున్నానని నాకు నేనే మురిసిపోయాను.

ఈ వాదన అక్కకి వినిపించాను. ఆశ పుట్టిందని ఆమె మొహంలో తెలుస్తూనే ఉంది. ఆ వారం చర్చిలో పాస్టరుగారిని అడిగిందట. ఆయన నవ్వి, అది నీకూ దేవుడికీ మధ్య విషయమమ్మా అన్నారట. ఆయన అలాగే అంటారు, ఆయనకి ఇంకా చాలా పనులున్నాయి. ఇంటికొచ్చాక అక్క తీర్పు చెప్పింది.

"శుక్రవారం ఆదివారమే అయితే మరి నేను మానుకుంది ఏంటే? మనం దిబ్బకి వెళ్ళేదే శుక్రవారం."

నా వకాల్తా అక్కడితో ముగిసింది.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం, దానికి ముందు శుక్రవారం తెల్లవారుజామున తమ్ముడి దగ్గర్నుంచి మాట వచ్చింది.

"అక్కా, రాత్రి వాన గొట్టింది. పైన ఎండింది, కింద గట్టిగుంది. నేను చెప్పులేసుకొని నడిస్తే అచ్చు గూడ పడ్తలేదు. గిసొంటి ఇసుక మళ్ళ రాదు. సిస్టరమ్మను పట్టుకొని రా."

ఆ మాట మూడోసారి వినిపించాక అక్క వస్తానంది. ఎక్కడానికి కాదు, చూడటానికి. చీర కట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని పికప్‌లో నా పక్కన కూర్చుంది. నేను ఎక్కాను. నిజం చెప్పాలంటే అలాంటి ఇసుక నేను మళ్ళీ చూడలేదు. స్కీలు కిర్రుమనకుండా జారాయి. అక్క దిబ్బ అడుగున నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, మోకాలు వంచు, వంచు అని అరుస్తోంది. నేను దిగాను. పడకుండా, కిందిదాకా. అక్క ముందుకే వచ్చి ఆగాను. మా ఆయన ఆ క్షణంలో బొగ్గులు ఊదుకుంటున్నాడు కాబట్టి ఫోటో లేదు.

అక్క నా భుజం తట్టింది. ఇంకోసారి దిగమంది. నేను దిగలేదు. ఆమెకి కావలసినది ఆమె ముందే నేను తినేసినట్టుగా ఉంది నాకు. తిరిగొస్తుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా చెప్పింది.

"నాకు భలే అసూయ పుట్టిందే నీ మీద. అది కూడా మానాల్సింది."

ఈస్టర్ ఆ ఏడు బాగా ఆలస్యంగా వచ్చింది. ఇక్కడ ఆదివారం పనిదినం. తెల్లవారకముందే ఆరాధన ముగించుకుని అందరం డ్యూటీలకి పరిగెత్తాం. అక్క తెల్లచీరలో, తల మీద కొంగుతో, కారులో కూర్చుంటూనే అడిగిన మొదటి మాట, ఇసుక ఎలా ఉందంట. ఆమె విమానం వచ్చే శనివారం రాత్రి. చేతిలో మిగిలింది ఒకే ఒక శుక్రవారం.

ఆ వారమంతా ఉత్తరం గాలి. ఆకాశం గోధుమరంగులో ఉండేది. బాల్కనీలో ఆరేసిన బట్టలు దులిపి లోపలికి తేవాల్సి వచ్చేది. తమ్ముడు రోజూ మధ్యాహ్నం పంపే మాటలో గాలి శబ్దం తప్ప అతని గొంతు సరిగా వినపడేది కాదు. బుధవారం మాత్రం స్పష్టంగా వినిపించింది. దిబ్బ నెత్తిమీదికెళ్ళి ఇసుక పొగ లెక్క లేస్తాందట. మాఫీ ఛాన్స్ అన్నాడు, ఇక్కడి అరబ్బీలో ఛాన్సే లేదని. ఆ మాట నేను అక్కకి అలాగే చెప్పేశాను. అప్పుడామె సూట్‌కేసు తూకం చూస్తోంది. సరే అంది. ఆ తర్వాత సూట్‌కేసులోంచి తీసిన చీరల్నే మళ్ళీ అందులో పెట్టింది.

శుక్రవారం ఇంకా చీకటుండగానే బయలుదేరాం. అనవసరం అన్నాడు మా ఆయన. నువ్వు రాకు అన్నాను. వచ్చాడు. గాలి రాత్రే పడిపోయింది. దిబ్బ ఆకారమే మారిపోయింది. కొన పక్కకి జరిగి, నిటారు వైపంతా కొత్త ఇసుక పడి ఉంది. అడుగుపెడితే మునుగుతోంది. అక్క కొవ్వొత్తి తీసి రెండు జతలకీ రుద్దింది, ఎక్కడం మొదలుపెట్టింది.

మొదటిసారి మొదట్లోనే పడింది. రెండోసారి సగం దాకా వచ్చి స్కీలు దిగబడి ముందుకి బోర్లాపడింది. లేపబోతే వద్దంది. అప్పటికే ఎండ మొహానికి తగులుతోంది. బూట్లలో ఇసుక కాలుతోంది. కిందినుంచి తమ్ముడు, యల్లా, పోదాం పా సిస్టరమ్మా, ఇంక చాలు, ఎండకు పడిపోతవ్ అని పిలుస్తున్నాడు. అక్క నావైపు చూసింది. ఇద్దరం మళ్ళీ ఎక్కాం.

పైన కొన మీద అక్క కూర్చుండిపోయింది. స్కీలు బిగించుకుంది కానీ లేవలేదు. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు దూరంగా మెసయీద్ పొగగొట్టాలు. వాటి నీడలోనే ఆమె ఇన్నేళ్ళూ సూదులు వేసింది, కట్లు కట్టింది, పండగలకి మాకు అరిసెలు పంచింది. నేను వాచీ చూసుకున్నాను. ఎండెక్కుతోంది అక్కా, లే అన్నాను. ఆమె కదల్లేదు.

"దిగితే అయిపోద్ది కదే," అంది.

పడితే మళ్ళీ ఎక్కొచ్చు, పడకపోతే ఇంక ఎక్కక్కర్లేదు. ఆమె భయం పడతానని కాదు. అప్పటిదాకా నాకది తట్టలేదు. తను లేకపోతే నేను ఇక్కడికి రాను అని చెప్పాలనిపించింది. అది చెబితే ఆమె అక్కడే ఉండిపోతుందని చెప్పలేదు. వీపు మీద చెయ్యి వేసి, వెళ్ళు అక్కా అన్నాను. నా గొంతు సన్నబడింది. కోపం వల్ల కాదు.

అక్క లేచింది. మోకాళ్ళు వంచింది. ఇసుక ఆమె స్కీల చుట్టూ మెల్లగా జారుతూ ఆమెతోపాటే దిగింది. సగం దాటింది. మెత్తటి చోట ఒక్కసారి తూలి, చేతులు రెండువైపులా చాపి నిలదొక్కుకుంది. కిందిదాకా వెళ్ళి, చదునులో కొంతదూరం సాగి ఆగింది. నిలబడే ఉంది. తమ్ముడు చేతులెత్తి గంతులేస్తున్నాడు. మా ఆయన ఈసారి ఫోన్ పట్టుకునే ఉన్నాడు. అక్క చేతులెత్తలేదు, వెనక్కి తిరగలేదు. మాకు వీపు పెట్టి, తల వంచుకుని అలాగే నిలబడింది.

ఇక నేను దిగాలి. స్కీలు బిగించుకున్నాను కానీ దిబ్బ సరిగా కనిపించలేదు. కళ్ళల్లో ఇసుక పడిందని ఆ తర్వాత అందరికీ చెప్పాను. సగం దాకా కూడా రాలేదు. ఒక స్కీ అటు, ఒక స్కీ ఇటు, కిందిదాకా దొర్లుకుంటూ వచ్చాను. అక్క స్కీలు ఊడదీసి, బూట్లు విప్పకుండా, ఆ బరువు కాళ్ళతోనే ఇసుకలో పడుతూ లేస్తూ నా దగ్గరికొచ్చింది. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. ఎముక విరిగిందేమోనని వేళ్ళతో తడిమింది, అటూ ఇటూ తిప్పి చూసింది, నొప్పా అని అడిగింది. లేదన్నాను. విరగలేదని ఆమెకీ తెలిసింది. అయినా ఆ చెయ్యి వదల్లేదు.